ఖాళీ పుట్టిన తేదీ నుంచి ఫారం 21డి దాకా: ఉప ఎన్నిక ఎలా నడుస్తుంది
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఉన్నవాళ్లలో చాలామంది రేపు పోలింగ్ ఏజెంట్లుగా బూత్‌లో కూర్చోబోయేవాళ్లు. వెనక విలేకరులున్నారు, లా చదువుతున్న పిల్లలున్నారు. ఉప ఎన్నిక అనగానే మన మాట టికెట్టు ఎవరికి, మెజారిటీ ఎంత అన్నచోటికి పోతుంది. ఆ సంగతి మాట్లాడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను దాని జోలికి పోను. ఉప ఎన్నిక మొత్తం తేదీల మీద నడుస్తుంది. ఒక తేదీ అటైతే నియోజకవర్గం నెలల తరబడి ఎమ్మెల్యే లేకుండా ఉండిపోతుంది. ఒక గంట అటైతే అభ్యర్థి బరిలోనే ఉండడు. అందుకని ఆ తేదీలే పట్టుకుని మాట్లాడుకుందాం.

మొదటిది ఖాళీ పుట్టిన తేదీ. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో సెక్షన్ 151ఏ అని ఒకటుంది. 1996లో చేర్చారు. ఖాళీ ఏర్పడిన రోజు నుంచి ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరపాలని చెబుతుంది. దానికి రెండే మినహాయింపులు. ఖాళీ అయిన సీటుకు మిగిలిన పదవీకాలం ఏడాది కన్నా తక్కువైతే జరపక్కర్లేదు. లేదా ఆ గడువులో జరపడం కష్టమని ఎన్నికల సంఘం కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి ధ్రువీకరిస్తే వాయిదా పడుతుంది.

మొదటి మినహాయింపు ఎలా పని చేస్తుందో సికింద్రాబాద్ కంటోన్మెంట్ చూస్తే తెలుస్తుంది. ఎమ్మెల్యే సాయన్న 2023 ఫిబ్రవరి 19న చనిపోయారు. అప్పటి శాసనసభ గడువు 2024 జనవరి 16తో ముగుస్తుంది. అంటే పదకొండు నెలలు కూడా లేదు. ఉప ఎన్నిక జరగలేదు, సాధారణ ఎన్నికల దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది. ఆ ఎన్నికల్లో ఆయన కూతురు లాస్య నందిత గెలిచారు. 2024 ఫిబ్రవరి 23న రోడ్డు ప్రమాదంలో ఆమె కూడా పోయారు. ఈసారి దాదాపు ఐదేళ్ల పదవీకాలం మిగిలి ఉంది కాబట్టి, మే 13న లోక్‌సభ ఎన్నికలతో పాటే ఉప ఎన్నిక పెట్టారు. అదే సీటు, రెండు మరణాల మధ్య ఏడాది తేడా. ఒకసారి తొమ్మిది నెలలకు పైగా ప్రతినిధి లేకుండా పోయింది, ఇంకోసారి మూడు నెలల లోపే పోలింగ్ జరిగింది. తేడా అంతా మిగిలిన కాలం లెక్కలోనే ఉంది.

రెండో మినహాయింపు గురించి నాకు కాస్త బాధ ఉంది, అది దాచను. బద్వేలు ఎమ్మెల్యే 2021 మార్చి 28న చనిపోతే పోలింగ్ అక్టోబరు 30న జరిగింది. ఆరు నెలలు దాటిపోయాయి. కొవిడ్ రోజులు, దాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ పుణె లోక్‌సభ సీటు సంగతి వేరు. అక్కడి ఎంపీ గిరీశ్ బాపట్ 2023 మార్చి 29న మరణించారు. లోక్‌సభ గడువు 2024 జూన్ దాకా ఉంది, ఏడాదికి పైనే. అయినా ఉప ఎన్నిక పెట్టలేదు. సాధారణ ఎన్నికల ఏర్పాట్లలో ఉన్నామని, గెలిచినవాళ్లకు కొన్ని నెలలే దక్కుతాయని సంఘం చెప్పింది. బొంబాయి హైకోర్టు ఆ కారణం ఒప్పుకోకుండా 2023 డిసెంబరులో ఎన్నిక పెట్టమంది. అప్పటికే పుణ్యకాలం గడిచిపోయింది, జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పుణె ప్రజలు ఏడాదికి పైగా ఎంపీ లేకుండానే గడిపారు. కష్టం వేరు, ప్రయోజనం తక్కువ అనుకోవడం వేరు. చట్టంలో ఉన్న మాట మొదటిదే. అందుకని మీ నియోజకవర్గంలో ఖాళీ వస్తే ఆ రోజే కాగితం మీద రెండు తేదీలు రాసుకోండి: ఆరు నెలలు ఎప్పటికి నిండుతాయి, సభ గడువు ఎప్పుడు ముగుస్తుంది. మూడో నెల నుంచే అడగడం మొదలుపెట్టండి. ఐదో నెలలో కోర్టుకెళితే కాలం చేతిలో ఉండదు.

ఇంతకీ ఖాళీ పుట్టేది ఎప్పుడు? మరణమైతే ఆ రోజే, అందులో వాదన లేదు. రాజీనామా దగ్గరే అందరూ పొరబడతారు. లేఖ ఇచ్చిన రోజు లెక్కలోకి రాదు, స్పీకర్ ఆమోదించిన రోజే లెక్క. రాజ్యాంగం 190వ అధికరణకు 1974లో చేసిన సవరణ ప్రకారం, ఆ రాజీనామా స్వచ్ఛందమైనది, నిజమైనది అని స్పీకర్‌కు నమ్మకం కుదరాలి. కుదరకపోతే ఆమోదించకూడదు. ఎన్నాళ్లలో తేల్చాలన్నది మాత్రం అందులో లేదు. మునుగోడులో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2022 ఆగస్టు 8న రాజీనామా ఇస్తే అదే రోజు ఆమోదం పొందింది. నవంబరు 3న పోలింగ్. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామా 2024 జనవరి 23న ఆమోదం పొందింది. దాదాపు మూడేళ్లు. అప్పటికి సభకు మిగిలింది ఐదు నెలల లోపే కాబట్టి ఉప ఎన్నిక ప్రశ్నే లేదు. పత్రికలో ‘రాజీనామా చేశారు’ అని చదవగానే ఆరు నెలల లెక్క మొదలుపెట్టకండి.

రెండు చోట్ల గెలిచినవాళ్లు పద్నాలుగు రోజుల్లో ఒకటి వదులుకోవాలి. 2014లో కేసీఆర్ గజ్వేల్ ఉంచుకుని మెదక్ లోక్‌సభ వదులుకుంటే, సెప్టెంబరు 13న అక్కడ ఉప ఎన్నిక జరిగింది. ఒకే ఎన్నికలో ఒక మనిషి రెండు సీట్లకు మించి పోటీ చేయకుండా 1996లోనే కట్టడి పెట్టారు.

కోర్టు శిక్ష వల్ల వచ్చే ఖాళీ ఇంకో రకం చిక్కు. 2013లో లిలీ థామస్ కేసు తీర్పు తర్వాత, రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడిన రోజే సభ్యత్వం పోతుంది. కానీ పై కోర్టు ఆ దోష నిర్ధారణను నిలిపేస్తే తిరిగి వస్తుంది. 2023 జనవరిలో లక్షద్వీప్ ఎంపీకి శిక్ష పడగానే ఎన్నికల సంఘం వెంటనే ఉప ఎన్నిక తేదీ ప్రకటించింది. కొన్ని రోజులకే కేరళ హైకోర్టు దోష నిర్ధారణను నిలిపేసింది, ఎన్నిక ఆపేయాల్సి వచ్చింది. అదే ఏడాది మార్చిలో వయనాడ్ ఖాళీ అయినప్పుడు సంఘం తొందరపడలేదు. అప్పీలుకు గడువుంది, ఆగుతామంది. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇవ్వడంతో రాహుల్ గాంధీ సభ్యత్వం తిరిగొచ్చింది. ఇలాంటి ఖాళీ వచ్చినప్పుడు అప్పీలు సంగతి చూడకుండా ప్రచార రథాలు కట్టుకోవద్దు.

ఓడిన అభ్యర్థి ‘అతని ఎన్నిక చెల్లదు, నన్నే గెలిచినట్టు ప్రకటించండి’ అని హైకోర్టులో పిటిషన్ వేసి ఉన్నప్పుడు కూడా, అది తేలేదాకా ఉప ఎన్నిక ఆగుతుంది. ఆ పిటిషనరే గెలిస్తే ఒకే సీటుకు ఇద్దరవుతారు కదా. 1967లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఆ కేసు మన మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య గారి పేరు మీదే ఉంది.

ఆళ్లగడ్డ సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. 2014లో శోభా నాగిరెడ్డి పోలింగ్‌కు రెండు వారాల ముందు, ఏప్రిల్ 24న ప్రమాదంలో చనిపోయారు. అభ్యర్థి చనిపోతే పోలింగ్ వాయిదా పడుతుందని అందరూ అనుకుంటారు. సెక్షన్ 52 ప్రకారం గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి పోతేనే వాయిదా. వైఎస్సార్ కాంగ్రెస్‌కు అప్పటికి ఆ గుర్తింపు రాలేదు. ఆమె పేరు యంత్రం మీద అలాగే ఉంది, పోలింగ్ జరిగింది, ఆమే గెలిచారు. సీటు ఖాళీ అయింది. తర్వాత జరిగిన ఉప ఎన్నికలో ఆమె కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

ఇప్పుడు నోటిఫికేషన్ సంగతికి వద్దాం. షెడ్యూలు ప్రకటించిన నిమిషం నుంచి ఎన్నికల కోడ్ వస్తుంది. సాధారణంగా నియోజకవర్గం ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా మొత్తానికి వర్తిస్తుంది. రాష్ట్ర రాజధాని, మహానగరం, కార్పొరేషన్ లోపలి నియోజకవర్గమైతే ఆ నియోజకవర్గం వరకే. ఊళ్లల్లో ‘పక్క మండలానికి కోడ్ లేదట’ అని పంచాయితీలు వస్తుంటాయి, అందుకని చెబుతున్నా.

జూబ్లీహిల్స్ క్యాలెండర్ ముందు పెట్టుకుంటే, ఎన్నిక తేదీలు ఎలా వేయాలో చెప్పే సెక్షన్ 30 మొత్తం అందులో కనిపిస్తుంది. ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ 2025 జూన్ 8న మరణించారు. ఆరు నెలల గడువు డిసెంబరు మొదటి వారం దాకా. అక్టోబరు 13న నోటిఫికేషన్ వచ్చింది. నామినేషన్లకు ఆఖరు తేదీ నోటిఫికేషన్ తర్వాత ఏడో రోజు, అంటే అక్టోబరు 20. ఆ రోజు దీపావళి. ప్రభుత్వ సెలవైతే మరుసటి పనిదినానికి జరుగుతుంది కాబట్టి 21 అయింది. పరిశీలన ఆ మర్నాడే, 22న. ఉపసంహరణ పరిశీలన తర్వాత రెండో రోజు, 24న. పోలింగ్ ఉపసంహరణ తర్వాత పద్నాలుగో రోజుకన్నా ముందు ఉండకూడదు. నవంబరు 7 నుంచి ఎప్పుడైనా పెట్టొచ్చు, 11న పెట్టారు. లెక్కింపు 14న. ఇందులో రిటర్నింగ్ అధికారి ఇష్టానికి వదిలిన రోజు ఒక్కటి కూడా లేదు.

నామినేషన్ల ఆఖరు తేదీకి ఇంకో అర్థం కూడా ఉంది. ఓటర్ల జాబితాకు తలుపు ఆ రోజుతో మూసుకుంటుంది. ఆ తర్వాత పేరు చేర్చడం గానీ తీసేయడం గానీ కుదరదు. కొత్త ఓటుకు ఫారం 6, అభ్యంతరానికీ తొలగింపుకూ ఫారం 7, చిరునామా మార్పుకూ తప్పుల సవరణకూ ఫారం 8. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాలకు, విచారణకు రోజులు కావాలి. కనీసం పది రోజుల ముందు ఇవ్వకపోతే ఇచ్చినా లాభం లేదు. పద్దెనిమిది నిండడానికి ఏడాదిలో ఇప్పుడు నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఉప ఎన్నిక వచ్చిందంటే పక్క నియోజకవర్గాల నుంచి ఓట్లు బదిలీ చేయించే ప్రయత్నాలు జరుగుతాయి. అందుకే బీఎల్వో, అంటే బూత్ స్థాయి అధికారి దగ్గర ఫారం 6, 8 దరఖాస్తుల జాబితా రోజూ చూడండి. పోలింగ్ రోజు గొడవపడితే ఒక్క పేరు కూడా పోదు, రాదు.

నామినేషన్ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా. అసెంబ్లీకి ఫారం 2బి. గుర్తింపు పార్టీ అభ్యర్థికి ప్రతిపాదకుడు ఒక్కరు చాలు, మిగతావాళ్లకు పది మంది కావాలి. వాళ్లంతా ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. డిపాజిట్ 10 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5 వేలు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ రాకపోతే అది గల్లంతు. నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, వేయండి కూడా. వేర్వేరు ప్రతిపాదకులతో వేయండి. ఒక ప్రతిపాదకుడి ఓటు పక్క నియోజకవర్గంలో ఉందని తేలి ఒక సెట్టు పోయినా ఇంకోటి నిలబడుతుంది.

నామినేషన్లు తిరస్కరణకు గురయ్యే చోట్లు పెద్ద న్యాయ వివాదాలు కావు, చిన్న చిన్న అజాగ్రత్తలు. ఫారం 26 అఫిడవిట్‌లో గడి ఖాళీగా వదిలేస్తారు. ‘లేదు’, ‘వర్తించదు’ అని రాయాల్సిన చోట ఏమీ రాయరు. ఆర్వో, అంటే రిటర్నింగ్ అధికారి నోటీసు ఇచ్చాక కూడా పూరించకపోతే కొట్టేయొచ్చు. సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. పార్టీ ఇచ్చే ఏ ఫారం, బీ ఫారం సిరా సంతకంతో ఉన్న అసలువి ఆఖరు రోజు మధ్యాహ్నం 3 లోపు ఆర్వో చేతికి అందాలి. ఫోనులో ఫొటో, జిరాక్సు పనికిరావు. అభ్యర్థి ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే అక్కడి జాబితా ధ్రువీకృత నకలు తేవాలి. ఇక ప్రమాణం. నామినేషన్ వేశాక, పరిశీలన తేదీ రాకముందే చేయాలి. పరిశీలన రోజు పొద్దున్నే వచ్చి ‘ఇప్పుడు చేస్తాను’ అంటే కుదరదు. ఖర్చు కోసం ప్రత్యేక బ్యాంకు ఖాతా నామినేషన్‌కు ఒక రోజు ముందైనా తెరిచి ఉండాలి. మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు.

ఉప ఎన్నికకూ సాధారణ ఎన్నికకూ పెద్ద తేడా కనిపించేది అభ్యర్థుల సంఖ్యలో. అందరి చూపూ ఒకే చోట ఉంటుంది కాబట్టి నిరసనకు, ప్రచారానికి, ఓట్లు చీల్చడానికి నామినేషన్లు కుప్పలుగా పడతాయి. దీని భారం యంత్రం మీద పడుతుంది. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మీటలు. అన్ని యూనిట్లూ కలిపి ఒక మీట నోటాకి పోతుంది. మునుగోడులో 47 మంది. నోటాతో 48, సరిగ్గా మూడు యూనిట్లు. ఇంకొక్కడు బరిలో మిగిలి ఉంటే ప్రతి బూత్‌కూ నాలుగో యూనిట్ కావాల్సి వచ్చేది. జూబ్లీహిల్స్‌లో 58 మంది, నాలుగు యూనిట్లు పట్టాయి. పాత యంత్రాలకు నాలుగు యూనిట్లు, అంటే 64 మీటలే హద్దు. 2010 జులై తెలంగాణ ఉప ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాల్లో ఆ సంఖ్య దాటి కాగితం బ్యాలెట్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఇప్పటి ఎం3 యంత్రం 24 యూనిట్ల దాకా మోస్తుంది.

యూనిట్లు పెరిగితే బల్ల పొడుగు కావాలి, కేబుళ్లు వరుస తప్పకూడదు, ఒక్కో యూనిట్‌కు దాని వరుస సంఖ్య సరిగ్గా అమర్చాలి. ఓటరు తన గుర్తు మూడో యూనిట్‌లో ఉందని తెలియక మొదటి దాని దగ్గరే వెతుక్కుంటాడు. పేర్లు మూడు గుంపులుగా వస్తాయి: ముందు గుర్తింపు పార్టీలు, తర్వాత రిజిస్టరైన ఇతర పార్టీలు, చివర స్వతంత్రులు. ప్రతి గుంపులోనూ తెలుగు అక్షరక్రమం. అందుకే పెద్ద పార్టీ గుర్తులు మొదటి యూనిట్‌లోనే ఉంటాయి. ప్రచారంలో ‘ఫలానా యూనిట్‌లో ఫలానా వరుస’ అని చెప్పండి, ముసలివాళ్లకు అదే అసలు సాయం.

గుర్తుల పోలిక తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. 2020 దుబ్బాక ఉప ఎన్నికలో గెలుపు తేడా 1,079 ఓట్లు. చపాతీ కర్ర గుర్తు వచ్చిన స్వతంత్రుడికి మూడు వేలకు పైగా పడ్డాయి. అవి తమ కారు గుర్తుకు పడాల్సినవని టీఆర్ఎస్ వాదించింది. ఆ ఓటర్ల మనసులో ఏముందో ఎవరూ నిరూపించలేరు. అయితే గుర్తు మీద అభ్యంతరం ఉంటే సంఘానికి ముందే చెప్పుకోవాలి. లాటరీలో వచ్చాక మార్చడం కుదరదని మునుగోడు చూపించింది. అక్కడ ఒక అభ్యర్థికి వచ్చిన రోడ్ రోలర్ గుర్తును ఆర్వో మార్చితే, సంఘం దాన్ని తిరిగి ఇప్పించి ఆ అధికారిని తప్పించింది.

పోలింగ్ ఏజెంట్లు ఇది జాగ్రత్తగా వినాలి. పోలింగ్ మొదలయ్యే సమయానికి గంటన్నర ముందు మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే నమూనా ఓటింగ్. ఏడింటికి పోలింగ్ అయితే ఐదున్నరకు మీరు బూత్‌లో ఉండాలి. కనీసం 50 ఓట్లు, ప్రతి అభ్యర్థికీ నోటాకీ పడాలి. తర్వాత కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ అని మూడు మీటలు ఆ వరుసలోనే నొక్కాలి. క్లియర్ నొక్కాక టోటల్ నొక్కించి సున్నా చూడండి. చూసేదాకా సంతకం పెట్టకండి. వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ ముద్రించి చూపే యంత్రం) డబ్బాలోని మాక్ చీటీలన్నీ తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు వేస్తారు. డబ్బా ఖాళీగా ఉందో లేదో వంగి చూడండి. హడావుడిలో క్లియర్ మరిచిపోతే ఆ 50 ఓట్లు అసలు ఓట్లతో కలిసిపోతాయి, సాయంత్రానికి లెక్క తప్పుతుంది.

పోలింగ్ అయ్యాక ప్రిసైడింగ్ అధికారి క్లోజ్ నొక్కి ఫారం 17సి నింపుతారు. దాని నకలు ప్రతి ఏజెంటుకూ ఇవ్వాలి. తీసుకోకుండా బయటికి రావద్దు. అందులో కంట్రోల్ యూనిట్ నంబరు, మొత్తం ఓట్లు, వాడిన సీళ్ల నంబర్లు ఉంటాయి. లెక్కింపు బల్ల దగ్గర మీ ఏజెంటు చేతిలో ఆ కాగితం లేకపోతే అతను అక్కడ ప్రేక్షకుడే. 17సికీ యంత్రానికీ లెక్క కుదరకపోయినా, మాక్ ఓట్లు చెరపకపోయినా ఆ యంత్రాన్ని పక్కన పెడతారు. గెలుపు తేడా ఆ బూత్‌ల మొత్తం ఓట్లకన్నా తక్కువైతేనే వాటి వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తారు. దగ్గరి పోటీలో ఒక్క బూత్‌లో నొక్కని మీట ఫలితాన్నే ఆపగలదు.

లెక్కింపు ఎనిమిదింటికి పోస్టల్ ఓట్లతో మొదలవుతుంది, అరగంట తర్వాత యంత్రాలు. రౌండ్ల సంఖ్య ముందే వేసుకోవచ్చు: బూత్‌లను బల్లలతో భాగించండి. జూబ్లీహిల్స్‌లో 407 బూత్‌లు, 42 బల్లలు, కాబట్టి 10 రౌండ్లు. చివర లాటరీ తీసిన ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కించి యంత్రంతో సరిపోల్చాకే ప్రకటన. సాధారణ ఎన్నికలో ఫలితం ఫారం 21సి మీద ప్రకటిస్తారు. ఉప ఎన్నికకు ఫారం వేరు, 21డి. గెలిచినవారి చేతికి వచ్చే ధ్రువపత్రం ఫారం 22.

ఆ రోజు నుంచి మళ్లీ తేదీలు మొదలవుతాయి. రెండో, మూడో స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు యంత్రాల లోపలి మైక్రోకంట్రోలర్ చిప్ తనిఖీ కోరాలంటే ఏడు రోజులు, ఐదు శాతం యంత్రాల దాకా అడగొచ్చు. ఖర్చు లెక్కలు 30 రోజుల్లో ఇవ్వాలి, ఓడినవాళ్లు కూడా. ఇవ్వకపోతే మూడేళ్ల దాకా పోటీకి అనర్హత పడొచ్చు. డిపాజిట్ పోయిన స్వతంత్రులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. హైకోర్టులో ఎన్నికల పిటిషన్‌కు 45 రోజులు. జూబ్లీహిల్స్ ఫలితం నవంబరు 14న వచ్చింది కాబట్టి ఖర్చు లెక్కకు డిసెంబరు 14, పిటిషన్‌కు డిసెంబరు 29. గెలిచిన సభ్యుడికి కొత్తగా ఐదేళ్లు రావు, మిగిలిన కాలమే. ప్రస్తుత తెలంగాణ శాసనసభ 2023 డిసెంబరు 9న తొలిసారి కూర్చుంది, ముందే రద్దు కాకపోతే దాని గడువు 2028 డిసెంబరు 8.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఫారం 17సి నమూనా నకళ్లు ఈ బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకుని ముందు కంట్రోల్ యూనిట్ నంబరు గడి ఎక్కడుందో వెతకండి.